ఆయాసం లేని రోజున పీల్చవలసిన మందు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం పెద్దవారి ఉబ్బసం గురించి, ముఖ్యంగా రోజూ పీల్చవలసిన నివారణ మందు గురించి ఉన్నాయి. వాటిలో నాలుగింటికి సమాధానం ఇస్తున్నాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు కేటాయించాను. ఆ సోదరి చేసిన పొరపాటే నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది చేస్తున్నారు, అది ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు.

ప్రశ్న: నా వయసు 43. నరసరావుపేట దగ్గర ఉపాధ్యాయినిగా పనిచేస్తున్నాను. పదకొండేళ్లుగా ఉబ్బసం ఉంది. డాక్టరుగారు రెండు పంపులు రాశారు. సాల్బుటమాల్ ఉన్న నీలం పంపును ఆయాసం వచ్చినప్పుడు వాడమన్నారు. బ్యుడెసొనైడ్ 200 అని రాసి ఉన్న రెండో పంపును ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి ప్రతిరోజూ పీల్చమన్నారు. నీలం పంపు పీలిస్తే అయిదు నిమిషాల్లో ఊపిరి ఆడుతుంది. రెండోది పీలిస్తే ఏమీ తెలియదు. పైగా అది స్టెరాయిడ్ అని, ముఖం ఉబ్బుతుందని, ఎముకలు గుల్లబారతాయని, అలవాటైతే మానలేమని మా తోటికోడలు చెప్పడంతో మానేశాను. ఇప్పుడు నీలం పంపు నెలకొకటి అయిపోతోంది. తెల్లవారుజామున మూడు గంటలకు దగ్గుతో మెలకువ వస్తోంది. పోయిన చలికాలంలో రెండుసార్లు ఆసుపత్రిలో గ్యాస్ పెట్టించుకుని, ప్రెడ్నిసొలోన్ మాత్రలు రోజుకు 40 మిల్లీగ్రాముల చొప్పున అయిదేసి రోజులు వాడాను. రెండో పంపు నిజంగా అవసరమా?

సమాధానం: అవసరమేనమ్మా. మీకున్న రెండు పంపులలో జబ్బుకు మందు ఆ రెండోదే.

ఉబ్బసంలో ఊపిరితిత్తుల గొట్టాలకు రెండు రకాల ఇబ్బంది కలుగుతుంది. గొట్టాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకోవడం మొదటిది. గొట్టాల లోపలి పొర వాచి, జిగటగా కఫం ఊరుతూ ఉండటం రెండోది. జలుబు చేసినప్పుడు ముక్కు లోపలి పొర వాచి ఎలా మూసుకుపోతుందో మీకు తెలుసు కదా, ఊపిరి గొట్టాలలో అటువంటి వాపు ఏడాది పొడవునా, పిల్లికూతలు వినపడని రోజులలో కూడా, ఎంతో కొంత ఉంటూనే ఉంటుంది. వాచి ఉన్న ఆ పొరకు దుమ్ము, చలిగాలి, జలుబు, భోగిమంట పొగ, మీ ప్రాంతంలో మిరప కోతల కాలంలో గాలిలో నిండే ఘాటు తగిలితే కండరం బిగుసుకుంటుంది. సాల్బుటమాల్ ఆ బిగువును మాత్రమే వదులు చేస్తుంది. నాలుగు నుంచి ఆరు గంటలలో దాని పని అయిపోతుంది, వాపు మాత్రం అలాగే మిగిలిపోతుంది. బ్యుడెసొనైడ్ ఆ వాపును తగ్గిస్తుంది. కండరాన్ని అప్పటికప్పుడు వదులు చేసే గుణం దానికి లేదు కనుకనే పీల్చిన వెంటనే మీకు ఏమీ తెలియలేదు. కొద్ది రోజులు వాడాక మార్పు మొదలవుతుంది, పూర్తి ఫలితం కనపడటానికి కొన్ని వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు కూడా పడుతుంది. తెల్లవారుజామున మెలకువ రాకుండా ఒక వారం గడిచిందంటే మందు పనిచేస్తున్నదని మీకే తెలుస్తుంది.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన మాట నీలం పంపు నెలకొకటి అయిపోతోందన్నది. ఒక పంపులో సాధారణంగా 200 మోతాదులు ఉంటాయి. అంటే మీరు రోజుకు ఆరేడుసార్లు పీలుస్తున్నారు, ఏడాదికి పన్నెండు పంపులు ఖర్చు చేస్తున్నారు. ఏడాదికి మూడు, అంతకు మించి ఇటువంటి ఉపశమన పంపులు (ఆయాసం వచ్చినప్పుడు వాడేవి) వాడేవారికి తీవ్రమైన ఆయాసం వచ్చే ముప్పు ఎక్కువని, పన్నెండుకు చేరినవారికి ప్రాణాపాయమే పెరుగుతుందని గినా అనే అంతర్జాతీయ ఆస్తమా సంస్థ తన మార్గదర్శకాలలో హెచ్చరిస్తోంది. ఊపిరి ఆడుతోంది కదా అని మనిషి ధైర్యంగా ఉంటాడు, లోపల వాపు పెరుగుతూ పోతుంది, చివరకు ఒక రాత్రి పంపు ఎన్నిసార్లు నొక్కినా గొట్టాలు తెరుచుకోవు. న్యూజిలాండ్‌లో ఇటువంటి అనుభవమే దేశవ్యాప్తంగా ఎదురైంది. 1976లో అక్కడ ఫెనొటెరాల్ అనే ఉపశమన పంపు వచ్చిన తరువాత ఆస్తమా మరణాలు బాగా పెరిగాయి, 1989లో దాని వాడకాన్ని కట్టడి చేశాక తగ్గాయి. ఫెనొటెరాల్, సాల్బుటమాల్ ఒకే మందు కావు, అయినా కేవలం ఉపశమన మందు మీద ఆధారపడటం ఎంత ప్రమాదమో వైద్యలోకానికి తెలియజెప్పిన ఘటనలలో అది ఒకటి. చాలా ఏళ్ల పరిశీలన తరువాత, పెద్దవారికి, కౌమారంలో ఉన్నవారికి సాల్బుటమాల్ ఒక్కటే ఇవ్వడం సరికాదని, తేలికపాటి ఉబ్బసమైనా సరే పీల్చే స్టెరాయిడ్ ఏదో ఒక రూపంలో ఉండి తీరాలని గినా 2019లో ప్రకటించింది.

ఇక స్టెరాయిడ్ భయం. ఆ భయం ఊరికే పుట్టలేదు, ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగి ముఖం గుండ్రంగా ఉబ్బిపోయిన మనుషులను మన ఊళ్లలో అందరూ చూసే ఉన్నారు. అందుకే మీ ఉత్తరంలోని అంకెలనే తీసుకుని లెక్క వేద్దాం. డాక్టరుగారు చెప్పినట్లు రోజుకు రెండుసార్లు 200 మైక్రోగ్రాముల చొప్పున పీలిస్తే రోజుకు 400 మైక్రోగ్రాములు, అంటే 0.4 మిల్లీగ్రాములు అవుతుంది. ఏడాదంతా ఒక్క రోజు కూడా మానకుండా పీల్చినా మొత్తం 146 మిల్లీగ్రాములు. పంపులోని స్టెరాయిడ్‌కు భయపడి మానేసిన మీరు, ఒక్క చలికాలంలో రెండు విడతలుగా ప్రెడ్నిసొలోన్ మాత్రల రూపంలో 400 మిల్లీగ్రాముల స్టెరాయిడ్ మింగవలసి వచ్చింది. బరువుకు బరువు చూస్తే బ్యుడెసొనైడ్ ప్రెడ్నిసొలోన్ కంటే శక్తిగల మందే, కనుక ఈ అంకెలను నేరుగా సరిపోల్చకూడదని మీకు చెప్పడం నా ధర్మం. అసలు తేడా మందు చేరే చోటులో ఉంది. మాత్ర రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. పంపు మందు నేరుగా గొట్టాలలోని వాచిన పొర మీద పడుతుంది, గొంతులో మిగిలి కడుపులోకి జారిన బ్యుడెసొనైడ్‌లో దాదాపు తొంభై శాతాన్ని కాలేయం రక్తంలోకి పోనివ్వకుండానే నిర్వీర్యం చేస్తుంది.

దుష్ఫలితాలే లేవని నేను అనను. ఎక్కువ మోతాదులో ఏళ్ల తరబడి వాడితే ఎముకల సాంద్రత తగ్గడం, కంటిలో శుక్లాలు, నీటికాసులు, చర్మం పలచబడి కమిలిపోవడం వంటివి వచ్చే అవకాశం ఉంది. అందుకే జబ్బును అదుపులో ఉంచే అతి తక్కువ మోతాదునే వైద్యుడు వెతకాలి. మీకు రాసిన 400 మైక్రోగ్రాములు తక్కువ మోతాదు కిందికే వస్తుంది. ఈ మోతాదులో సాధారణంగా ఎదురయ్యేవి నోటిలో తెల్లటి పూత, గొంతు బొంగురుపోవడం. రోజంతా పాఠం చెప్పే మీకు గొంతు ముఖ్యం కనుక పంపుకూ నోటికీ మధ్య పెట్టే స్పేసర్ అనే గొట్టానికి పంపును తగిలించి పీల్చండి, పీల్చిన ప్రతిసారీ నీళ్లు పుక్కిలించి ఉమ్మివేయండి. పళ్లు తోముకునే ముందు పీలిస్తే ఆ పనీ ఈ పనీ ఒకేసారి అయిపోతాయి, మరచిపోవడం కూడా ఉండదు.

అలవాటైపోతుందన్న మాట సరైనది కాదు. బీపీ మాత్ర మానేస్తే బీపీ తిరిగి పెరుగుతుంది, అంతమాత్రాన బీపీ మాత్రకు బానిసలమయ్యామని ఎవరూ అనరు. కెనడాలోని సస్కాచ్వాన్ రాష్ట్రపు వైద్య రికార్డుల ఆధారంగా 2000 సంవత్సరంలో వెలువడిన పరిశోధనలో, అంతకు ముందు ఏడాదిలో పీల్చే స్టెరాయిడ్ పంపు అదనంగా వాడిన ఒక్కొక్కదానికీ ఆస్తమా మరణాల రేటు 21 శాతం చొప్పున తగ్గినట్లు తేలింది. ఏళ్లుగా ఈ జబ్బుతో వచ్చేవారిని చూస్తున్న నాకు ఈ ఒక్క అంకె చాలు, మీ తోటికోడలితో కూడా నేను ఈ మాటే చెబుతాను.

మీ డాక్టరుగారిని అడగవలసిన విషయం ఇంకొకటి ఉంది. బ్యుడెసొనైడ్, ఫార్మొటెరాల్ కలిసి ఉన్న పంపు దొరుకుతుంది. ఫార్మొటెరాల్ ఒకటి నుంచి మూడు నిమిషాలలో పని మొదలుపెట్టి దాదాపు పన్నెండు గంటలు నిలుస్తుంది కనుక ఆ ఒక్క పంపునే రోజువారీ నివారణకూ, ఆయాసం వచ్చినప్పటి ఉపశమనానికీ వాడవచ్చు. అప్పుడు ఉపశమనం కోసం పీల్చిన ప్రతిసారీ వాపు తగ్గించే మందు కూడా లోపలికి వెళుతుంది. తేలికపాటి ఉబ్బసం ఉన్నవారి మీద జరిపి 2018లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో, ఈ జంట మందును అవసరమైనప్పుడు మాత్రమే పీల్చినవారికి కూడా, కేవలం ఉపశమన మందు పీల్చినవారితో పోలిస్తే, తీవ్రమైన ఆయాసం 64 శాతం తక్కువగా వచ్చింది. రెండో పంపు ఎప్పుడూ మరచిపోయేవారికి, మీలా దాని ఫలితం వెంటనే తెలియక మానేసేవారికి ఈ పద్ధతి బాగా నప్పుతుందని నా అభిప్రాయం. సాల్మెటెరాల్ కలిసిన పంపుతో మాత్రం ఇలా చేయకూడదు, అది నెమ్మదిగా పనిచేస్తుంది. రోజుకు ఎన్నిసార్లు మించకూడదో డాక్టరుగారి చేత కాగితం మీద రాయించుకోండి.

జబ్బు అదుపులోకి వచ్చి మూడు నెలలు అలాగే నిలిచాక మోతాదు తగ్గించే ప్రయత్నం చేయవచ్చు. అది వైద్యుని చేతి మీదుగా, మెట్టు తరువాత మెట్టుగా జరగాలి. అదుపులో ఉన్నదో లేదో తేల్చుకోవడానికి గడచిన నాలుగు వారాలను గుర్తు చేసుకోండి. పగటి పూట ఆయాసం వారానికి రెండుసార్లకు మించి వచ్చిందా, రాత్రి ఒక్కసారైనా దగ్గుతో, ఆయాసంతో మెలకువ వచ్చిందా, ఉపశమన పంపు వారానికి రెండుసార్లకు మించి వాడారా, మెట్లెక్కడం వంటి పనులు మానుకున్నారా? వీటిలో ఒక్కదానికి అవునన్నా పూర్తి అదుపు లేనట్లే. మీ ఉత్తరం చదివితే నాలుగింటిలో మూడైనా అవుననేటట్లు ఉన్నాయి. ఈ వారమే వైద్యుని కలవండి.

ప్రశ్న: మాది కరీంనగర్. మా నాన్నగారికి 67 ఏళ్లు, షుగర్ ఉంది. మిషన్‌లో క్యాప్సూల్ వేసి పీల్చే మందు రెండేళ్లుగా వాడుతున్నా గుణం కనిపించడం లేదు. మందును ఆవిరిలా చేసి పీల్పించే నెబ్యులైజర్ ఇంట్లోకి కొనమంటారా? ఈ మందు వల్ల షుగర్ పెరుగుతుందా?

సమాధానం: నెబ్యులైజర్ కొనే ముందు ఒక పని చేయండి. ఈ రాత్రి నాన్నగారు మందు తీసుకునేటప్పుడు ఎదురుగా కూర్చుని, ఏమీ సలహా చెప్పకుండా, చివరిదాకా చూడండి. నా దగ్గరికి కొత్తగా వచ్చినవారిని కూడా ముందు మీ మందు నా ఎదుటే పీల్చి చూపించండి అని అడుగుతాను. మందు పనిచేయడం లేదని వచ్చినవారిలో చాలామంది విషయంలో అసలు మందు ఊపిరితిత్తులకు చేరడమే లేదని అక్కడే బయటపడుతుంది. పంపు వాడేవారయితే నొక్కిన క్షణాన పెదవుల సందులలో నుంచి, ముక్కులో నుంచి తెల్లటి ఆవిరి బయటికి వచ్చేస్తుంది. క్యాప్సూల్ వాడేవారు మెత్తగా, బీడీ పీల్చినట్లు పీలుస్తారు. క్యాప్సూల్‌ను నీళ్లతో మింగేస్తున్నవారు కూడా ఉన్నారు, చూడటానికి అది మింగే మాత్రలాగే ఉంటుంది కనుక వారిని తప్పుపట్టలేము, చేసి చూపించని మాదే లోపం.

పొడి మందును పీల్చే తీరు, పంపును పీల్చే తీరు ఒకదానికొకటి విరుద్ధం. పొడి మందుకు మిషన్‌లో క్యాప్సూల్ తెరుచుకున్నాక, ముఖం పక్కకు తిప్పి ఊపిరి పూర్తిగా వదిలి, పెదవులు బిగించి, మొదటి నుంచే బలంగా, వేగంగా, లోతుగా పీల్చాలి. మిషన్‌లోకి ఊదకూడదు, ఊదితే నోటి తేమకు పొడి ఉండకడుతుంది. పీల్చాక పది సెకన్లు ఊపిరి బిగపట్టాలి. తరువాత మిషన్ తెరిచి చూస్తే క్యాప్సూల్ డొల్లలో పొడి మిగిలి ఉండకూడదు, మిగిలితే మళ్లీ పీల్చాలి. పంపు అయితే బాగా కుదిపి, ఊపిరి వదిలి, నెమ్మదిగా పీల్చడం మొదలుపెట్టిన క్షణంలోనే నొక్కి, నాలుగైదు సెకన్ల పాటు తీరికగా పీలుస్తూ పోవాలి. నాన్నగారికి గట్టిగా పీల్చే బలం లేకపోతే పొడి మందు మాన్పించి, పంపు, స్పేసర్ ఇవ్వమని వైద్యుని అడగండి. పంపును స్పేసర్‌తో సరిగా వాడితే, ప్రాణాపాయం లేని ఆయాసంలో, అది నెబ్యులైజర్‌కు ఏమాత్రం తీసిపోదు. పైగా ఇంట్లో నెబ్యులైజర్ ఉంటే ఆయాసం ముదురుతున్నా ఆసుపత్రికి వెళ్లకుండా గంటలు గడిపేసే ప్రమాదం ఉంది.

పీల్చే తీరు సరిగా ఉండి కూడా గుణం లేకపోతే జబ్బు నిర్ధారణనే మళ్లీ చూడాలి. ఆ వయసులో, ముఖ్యంగా బీడీ, చుట్ట అలవాటు ఉన్నవారికీ, కట్టెల పొయ్యి పొగలో బతికినవారికీ ఉబ్బసం కాక సీఓపీడీ (ఊపిరి గొట్టాలు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బు) ఉండవచ్చు, గుండె జబ్బు వల్ల కూడా ఆయాసం రావచ్చు. ఊపిరితిత్తుల పనితీరును కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష చేయించండి. ఆయన వాడే మందులన్నీ, కంటి చుక్కలతో సహా, సంచిలో వేసి డాక్టరుకు చూపించండి. నీటికాసులకు వేసే టైమొలాల్ చుక్కలు, కొందరిలో ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు ఉబ్బసాన్ని రెచ్చగొడతాయి.

తక్కువ మోతాదులో పీల్చే మందు వల్ల షుగర్ చెప్పుకోదగినంతగా పెరగదు. నివారణ మందు మానేసి, ఆయాసం ముదిరి, స్టెరాయిడ్ మాత్రలో ఇంజెక్షనో తీసుకోవలసి వచ్చినప్పుడే షుగర్ బాగా పెరుగుతుంది. అయితే షుగర్ ఉన్నవారి నోటిలో పూత తొందరగా వస్తుంది, కనుక పుక్కిలించడం ఒక్కసారి కూడా మరువకుండా చూడండి.

ప్రశ్న: నాకు అయిదో నెల. పీల్చే మందు బిడ్డకు మంచిది కాదని అత్తగారు మానేయమంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: మానవద్దు తల్లీ. బిడ్డకు మీ రక్తం ద్వారానే ఆక్సిజన్ అందుతుంది, మీకు ఆయాసం వస్తే ఆ లోటు బిడ్డకు తగులుతుంది. అదుపులో లేని ఉబ్బసం వల్ల బీపీ పెరగడం, నెలలు నిండకుండా కాన్పు కావడం, బిడ్డ బరువు తగ్గడం వంటి చిక్కులు ఎక్కువ. పీల్చే స్టెరాయిడ్‌లలో గర్భిణుల మీద ఎక్కువ అనుభవం ఉన్నది బ్యుడెసొనైడ్‌కే, అది క్షేమమని తేలింది. ప్రసూతి వైద్యురాలికీ, ఊపిరితిత్తుల వైద్యునికీ మీరు వాడే మందు ఏదో తెలియజేయండి, కాన్పు రోజున కూడా పంపు వెంట ఉంచుకోండి. పాలిచ్చే రోజులలోనూ దీన్ని వాడవచ్చు. అత్తగారిని ఒకసారి మీతో పాటు ఆసుపత్రికి తీసుకువెళ్లండి, ఆమె ఆందోళన అంతా మనవడో మనవరాలో క్షేమంగా ఉండాలనే కదా, డాక్టరు నోటి వెంట వింటే కుదుటపడుతుంది.

ప్రశ్న: నేను ఆటో నడుపుతాను. పంపు ఖర్చు భరించలేక మధ్యమధ్య మానేస్తున్నాను. మృగశిర కార్తె రోజున హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో రెండేళ్లు చేప మందు వేసుకున్నాను. వేసుకున్నాక కొన్నాళ్లు బాగానే ఉంది. ఇక పంపు పూర్తిగా మానేయవచ్చా?

సమాధానం: మానేయవద్దు. మీ నమ్మకాన్ని నేను కించపరచను, ఎంతో దూరం నుంచి వచ్చి ఆ ఎండలో వరుసలో నిలబడేవారి బాధ ఎంతటిదో నాకు తెలుసు. కానీ చేప మందు ఉబ్బసాన్ని నయం చేస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. ఉబ్బసం స్వభావం కాలాన్ని బట్టి హెచ్చుతగ్గులు కావడమే, కొన్నాళ్లు బాగుండటం ఏ మందూ లేకుండా కూడా జరుగుతుంది. ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆయాసంతో ఉన్న మనిషి బతికున్న కొర్రమీను పిల్లను మింగబోతే అది గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది.

ఖర్చు విషయంలో మీ ఇబ్బంది నిజమైనది, దానికి దారులు ఉన్నాయి. బ్యుడెసొనైడ్, బ్యుడెసొనైడ్ ఫార్మొటెరాల్ జంట, సాల్బుటమాల్ మన దేశపు అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉన్నాయి. కంపెనీ పేరు కాకుండా మందు పేరు రాయమని డాక్టరును అడగండి, ఆ చీటీతో జనౌషధి కేంద్రంలో విచారించండి. పంపు కంటే పొడి మందు క్యాప్సూల్స్ తరచుగా చవకగా దొరుకుతాయి. ప్రభుత్వాసుపత్రి ఛాతీ వ్యాధుల విభాగంలోనూ అడగండి. పంపు కొంటే మోతాదుల సంఖ్య చూపించే కౌంటర్ ఉన్నదే తీసుకోండి. మందు అయిపోయాక కూడా పంపు నుంచి గాలి బుస్సుమంటూ వస్తూనే ఉంటుంది, అది చూసి మందు ఉందనుకుని వట్టి గాలి పీల్చినవారు ఎందరో ఉన్నారు. నీళ్లలో వేసి తేలుతుందో మునుగుతుందో చూసే పద్ధతిని నమ్మవద్దు. ఎండలో నిలిపిన ఆటోలో పంపును వదలకండి, చొక్కా జేబులో పెట్టుకోండి.

జబ్బు తగ్గిందో లేదో మీకు మీరే తెలుసుకోవాలంటే ఊపిరి ఎంత వేగంగా వదలగలరో కొలిచే పీక్ ఫ్లో మీటర్ అనే చిన్న గొట్టం కొనండి. నివారణ మందు రోజూ పీలుస్తూ, ఉదయం నిద్ర లేవగానే ఒకసారి, రాత్రి ఒకసారి అందులోకి మూడేసి సార్లు బలంగా ఊది, వచ్చిన పెద్ద అంకెను రెండు వారాల పాటు క్యాలెండర్ మీద రాసి, వైద్యునికి చూపించండి. మాట పూర్తిచేయలేనంతగా ఆయాసం వచ్చినా, పెదవులు నీలిరంగుకు తిరిగినా, మగతగా ఉన్నా, ఉపశమన పంపు పీల్చిన మూడు గంటలలోపే మళ్లీ అవసరం పడుతున్నా తెల్లవారే దాకా ఆగవద్దు. 108కు ఫోన్ చేయించి, అంబులెన్సు వచ్చేలోగా నిటారుగా కూర్చుని, స్పేసర్ ఉంటే దానితో, సాల్బుటమాల్ నాలుగు నుంచి పది మోతాదులు ఒక్కొక్కటిగా పీల్చండి, ఇరవై నిమిషాలకు తగ్గకపోతే మళ్లీ అలాగే పీల్చండి. ఆటో మీరే నడుపుకుంటూ ఆసుపత్రికి బయలుదేరవద్దు.